కవరు తీయని పరుపు

ఆ ఇంట్లో మనం కూర్చున్న కుర్చీ చేతిలో కాఫీ అయ్యేదాకా మన కిందే ఉంటుందని నమ్మకం లేదు. కింద ఫర్నిచర్ షోరూము, పైన ఇల్లు. షోరూములో పట్టని సామానంతా ఇంట్లో ఉంటుంది. కింద చూసి తృప్తి పడనివాళ్లు మెట్లెక్కి పైకొస్తారు, మొహమాటం లేకుండా పడగ్గది దాకా వస్తారు. బీరువా తలుపులు తెరిచి చూస్తారు, మంచం మీద కూర్చుని రెండుసార్లు ఎగురుతారు, నచ్చితే మర్నాడే ఆ మంచం వెళ్లిపోతుంది. మళ్లీ సరుకు వచ్చేదాకా నేల మీద పడక. షోరూము యజమాని అయిన పెద్దాయనకి ఇందులో సిగ్గుపడాల్సిందేమీ కనిపించలేదు. సామాను ఇల్లులాంటి చోట చూస్తే మనిషికి కొనబుద్ధి పుడుతుందని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం మంచిదే, అమ్మకాలూ బాగానే ఉండేవి. ఆ ఇల్లులాంటి చోట కొందరు మనుషులు నిజంగానే కాపురం ఉండాలన్న సంగతి ఒక్కటే ఆయన బుర్రకి ఎక్కలేదు.

అమ్మబోయే వస్తువు మీద మరక పడకూడదు కదా, అందుకని ఆ ఇంట్లో అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు. సోఫాకి కవరు, భోజనాల బల్ల కుర్చీలకి కవర్లు, దిండ్లకి కవర్లు. ఎండాకాలం సోఫా మీంచి లేస్తే ఒంటి చర్మం ఆ కవరుని వదల్లేక చప్పుడు చేస్తుంది. పరుపు మీద కవరు, కవరు మీద దుప్పటి. పక్కకి ఒత్తిగిలితే కరకర. మొగుడూ పెళ్లాం దగ్గరైతే గోడ అవతల అత్తగారికి కూడా వినబడేంత కరకర. ఆ చప్పుడు మధ్య ఎవరికైనా కడుపు పండిందంటే అదే గొప్ప.

కోడలు ఆ ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. షోరూము వెనక వర్క్‌షాపులో సోఫాలకీ దిండ్లకీ గుడ్డ కత్తిరించే పని ఆమెది. గీత గీసుకోకుండానే బారెడు గుడ్డని తిన్నగా కోసేస్తుందని కుట్టుపనివాళ్లు కత్తెరమ్మ అని పేరు పెట్టారు, పోనుపోను ఇంట్లోవాళ్లూ అలాగే పిలవడం మొదలుపెట్టారు. నాలుగేళ్లయినా ఆమె బట్టలు మంచం కింద అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. బీరువా ఎప్పుడు సెలవు తీసుకుంటుందో తెలియనప్పుడు అందులో బట్టలు సర్దుకునే వెర్రిబాగులది కాదు ఆమె.

నెల తప్పాక ఆమెకి అన్నిటికన్నా ముందు పడకుండా పోయింది ఆ ప్లాస్టిక్ వాసనే. పొద్దున కళ్లు తెరిచీ తెరవగానే ముక్కు కింద అదే వాసన, వెంటనే బాత్‌రూముకి పరుగు. అయినా అప్పుడు ఆ వాంతులు ఆమెకి కష్టంగా లేవు. కడుపులో ఒకరున్నారన్న కబురు రోజూ పొద్దున్నే అందుతున్నట్టుండేది. అత్తగారు ఉత్సాహం పట్టలేక ఉయ్యాలకి సరిపోయే చిన్న పరుపు కుట్టించారు. దానికీ కవరు వేయించారు.

స్కాన్ గదిలో డాక్టరమ్మ తెర వైపు చాలాసేపు చూసి, తెరని కొంచెం తన వైపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంతోనే కత్తెరమ్మకి సగం అర్థమైంది. మిగతా సగం డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. గుండె కొట్టుకోవడం లేదు, బిడ్డ ఎదుగుదల రెండు వారాల కిందటే ఆగిపోయింది, ఇందులో ఎవరి తప్పూ లేదు, బరువులెత్తడం వల్లా కాదు, కత్తెర పట్టడం వల్లా కాదు. ఇలాంటివి చాలామందికి జరుగుతాయని కూడా అంది. చాలామందికి జరిగితే మాత్రం తన ఒక్కదాని కడుపులో ఉన్నది తక్కువవుతుందా అనుకుంది కత్తెరమ్మ, పైకి తల ఊపింది.

ఇప్పుడు మూడు దారులున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఏమీ చేయకుండా ఆగితే శరీరం తనంతట తానే పని ముగించుకుంటుంది, కాకపోతే ఎప్పుడన్నది చెప్పలేం, వారాలు పట్టవచ్చు. లేదంటే మాత్రలు. ఇంట్లోనే వేసుకోవచ్చు, కొన్ని గంటల్లో నొప్పీ రక్తస్రావమూ మొదలవుతాయి, నెలసరి కన్నా బాగా ఎక్కువగానే ఉంటాయి, ఒక్కోసారి పూర్తిగా పోక మళ్లీ ఆసుపత్రికి రావాల్సి ఉంటుంది. అదీ వద్దంటే ఆసుపత్రిలో మత్తిచ్చి చేసే చిన్న ఆపరేషన్, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవచ్చు. నీ విషయంలో మూడూ క్షేమమే, తొందరేమీ లేదు, ఏది తట్టుకోగలననిపిస్తే అది చెప్పమ్మా అంది. చెప్పమ్మా అన్నప్పుడు ఆవిడ చూసింది కత్తెరమ్మనే.

మాట్లాడింది మాత్రం పక్కనున్న భర్త. షోరూములో అమ్మకాలు చూసేది అతనే, మాటలతో కోటలు కట్టగలిగిన మనిషి. వేలు తెగితే మాత్రం మొహం తిప్పుకుంటాడు, అది ఎవరి వేలైనా సరే. ఇంతసేపూ పరీక్ష బల్ల మీద పరిచిన కాగితం అంచుని చూస్తూ ఉన్నాడు.

"వీటిలో ఏది నీట్‌గా అయిపోతుంది డాక్టర్?" అని అడిగాడు.

నీట్‌గా అంటే ఏమిటని డాక్టరమ్మ అడిగింది. అతను మళ్లీ కాగితం అంచు వైపే చూశాడు. అడ్వాన్సు పుచ్చుకున్న సోఫా గురించి మాట్లాడుతున్నట్టుంది ఇందాకటి అతని గొంతు. కత్తెరమ్మకి ఒళ్లంతా వెగటు పుట్టింది. బాధలో మనిషి ఏదో మాట్లాడతాడులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఆ ఇంట్లో సర్దిచెప్పుకోవడం బాగా అలవాటైన పని.

మర్నాడు పొద్దున్న మళ్లీ వాంతి అయింది. అన్నిట్లోకీ రోత పుట్టించింది అదే. బిడ్డ ఆగిపోయింది, వాంతులు ఆగలేదు. కొన్నాళ్లు అలాగే ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, శరీరానికి కబురు ఆలస్యంగా అందుతుందట. నిన్నటిదాకా ముద్దుగా అనిపించిన వికారం ఇవాళ వట్టి మోసంగా అనిపించింది. వాష్‌బేసిన్ మీద వంగి, ఎవరికోసమే ఈ డోకులు అని తన కడుపుని తనే తిట్టుకుంది. ఇలా వారాల తరబడి ఆగడం తన వల్ల కాదని ఆ క్షణమే తెలిసిపోయింది. మూడు దారుల్లో ఒకటి అక్కడే మూసుకుపోయింది.

మధ్యాహ్నం భోజనాల బల్ల చుట్టూ పంచాయితీ మొదలైంది. గాజు బల్ల నాలుగు మూలలా కంపెనీ స్టిక్కర్లు అలాగే ఉన్నాయి, వాటి మధ్య కంచాలు. మామగారు ఎక్కువ మాట్లాడలేదు. ఇలాంటివి ఆడవాళ్ల విషయాలని ఒక మాటా, ఆసుపత్రిలో అయితే అన్ని సదుపాయాలూ ఉంటాయని ఇంకో మాటా అనేసి అన్నంలోకి తల వంచుకున్నారు. మిగతాదంతా అత్తగారు అందుకున్నారు. ఆవిడకి మాట వంకర లేదు, మనసులో ఉన్నది నోట్లో ఉంటుంది, ఉన్నది ఏమంత గొప్పగా ఉండదు, అంతే.

"కూర్చుని ఎదురుచూస్తే ఎప్పుడు, ఎక్కడ ఏమవుతుందో ఎవరికి తెలుసమ్మాయ్?" అన్నారు.

అంటూ సోఫా వైపు చూశారు. ఎక్కువసేపు కాదు, కన్ను అలా వెళ్లి ఇలా వచ్చింది. తెల్లటి సోఫా, పోయిన వారమే వచ్చింది. కత్తెరమ్మ ఆ చూపు పట్టుకుంది, నోట్లో ఉన్న ముద్దని మింగలేక కక్కలేక కూర్చుండిపోయింది.

తర్వాత అత్తగారు తన కథ చెప్పారు. ఇన్నేళ్లూ ఎప్పుడూ చెప్పలేదు. కొడుకు పుట్టడానికి ముందు ఆవిడకీ ఒకటి పోయిందట. షోరూము తెరిచిన కొత్తల్లో, బేరాల వేళ. కడుపులో మెలిపెడుతుంటే వెనక బాత్‌రూములోకి వెళ్లి, అయిందేదో అయ్యాక నేలంతా తనే కడిగి, చీర మార్చుకుని, సాయంత్రానికల్లా కౌంటరు దగ్గర నిలబడ్డారట. ఆ పూట రెండు బీరువాలు కూడా అమ్మారట. మీ మామయ్యకి కూడా మర్నాటి దాకా తెలియదు, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, గుట్టుగా ఉండటం నేర్చుకోవాలి అన్నారు. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహంలో గర్వమే కనిపించింది. మామగారు పెరుగు ఇటు జరపమన్నారు.

వింటుంటే కత్తెరమ్మకి ఆ బాత్‌రూము కళ్లకి కట్టింది. వర్క్‌షాపు పక్కన ఇప్పటికీ ఉందది, పగిలిన బకెట్టూ ఫినాయిలు వాసనా. అక్కడ గొంతుక్కూర్చుని గచ్చు తోముకుంటున్న పడుచుపిల్ల మీద జాలి కలగాల్సింది. కలగలేదు, అసహ్యం కలిగింది. ఆ పని చేయించుకున్న ఇంటి మీద, చేసినందుకు పొంగిపోతున్న మనిషి మీద, పెరుగు అడిగిన చేతి మీద.

ఆ తర్వాత సాయంత్రం దాకా కటింగ్ బల్ల దగ్గర నిలబడి గుడ్డ కోస్తూ తనకేం కావాలో తనే ఆలోచించుకుంది. ఆపరేషనంటే ఆమెకి భయం లేదు. కుట్టుమిషన్ దగ్గర కూర్చునే అక్కకి ఇలాగే అయితే ఆపరేషనే చేయించుకుంది, ఏమీ తెలియకుండా అయిపోయింది, అదే నా అదృష్టం అని చెప్పింది. ఆమె మటుకు ఆమెకి అదే సరైనది. కత్తెరమ్మకి మాత్రం ఆ తెలియకపోవడమే నచ్చలేదు. కళ్లు మూసి తెరిచేసరికి ఉన్నది లేకుండా పోవడం ఆ ఇంట్లో ఆమెకి రోజూ ఉన్నదే. మంచాలు అలాగే వెళ్లాయి, బల్లలు అలాగే వెళ్లాయి. ఇదొక్కటి తనకి తెలిసి వెళ్లాలి. తన గదిలో, తలుపు వేసుకుని, తను మేలుకుని ఉండగా. ఇది వెర్రి కోరికో కాదో తెలియదు, కోరిక మాత్రం ఇదే.

సాయంత్రం భర్తతో అదే చెప్పింది. మాత్రలు తెచ్చుకుంటాను, ఇంట్లోనే ఉంటాను, ఆ పూట మీరు నా దగ్గరుంటే చాలు అంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు భయంగా ఉంది. రక్తం ఆగకపోతే? నీకేమన్నా అయితే నేనేం చేయగలను? నా కోసం ఆసుపత్రికి వెళ్లు" అన్నాడు.

గొంతు కూడా వణికింది. నాలుగేళ్లలో అతను అలా అడిగింది అదే మొదలు. కత్తెరమ్మ కరిగిపోయింది. పొద్దున్నుంచి పోగేసుకున్న పంతమంతా ఆ ఒక్క మాటకి దిగిపోయింది. ఇంతకాలం మనిషిని తప్పుగా అంచనా కట్టానని బాధపడింది కూడా. ఆసుపత్రికి ఫోన్ చేసి ఎల్లుండి ఆపరేషన్‌కి వస్తామని చెప్పమంది. అతను అప్పటికప్పుడే చేసేశాడు.

మర్నాడు పొద్దున్న ఆమె మళ్లీ బాత్‌రూములో ఉంది. వాంతి అయ్యాక లేచే ఓపిక లేక గోడకి చేరబడి కూర్చుంది. అంతలో పడగ్గదిలో అడుగుల చప్పుడు వినబడింది. మామగారు, భర్త, వాళ్లతో ఇంకెవరో ఇద్దరు, గొంతుల్ని బట్టి పెళ్లి కుదిరిన జంట. పరుపు మీద కూర్చున్నట్టున్నారు, కవరు కరకరలాడింది. కాబోయే పెళ్లికూతురు నవ్వింది.

ఇది ఎవరూ వాడలేదు కదా, ఒకళ్లు పడుకున్న పరుపంటే నాకు రోత అని అడిగింది ఆ అమ్మాయి. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు, ఎవరైనా అడుగుతారు.

"కవరు కూడా తీయలేదు, చూడండి" అన్నాడు భర్త. "డిస్‌ప్లేకి పెట్టాం, అంతే. ఇన్ని నెలల్లో ఒక్క చుక్క పడనివ్వలేదు."

పడుకునే చోటే కదా, అన్నీ చూసుకోవాలి అన్నారు మామగారు. మంచం ఎల్లుండి పొద్దున్నే పంపిస్తామని మాటిచ్చారు. ఆ జంట బీరువా చూడటానికి పక్కగదిలోకి వెళ్లారు. బాత్‌రూములో మనిషి ఉందన్న సంగతి తండ్రికీ కొడుక్కీ తెలియదు, కింద వర్క్‌షాపులో ఉందనుకున్నారు. మామగారు గొంతు తగ్గించారు.

"ఆసుపత్రి సంగతి ఖాయమేనా? ఈలోగా ఇంట్లో ఏమీ కాదుగా?"

"ఒప్పించాను నాన్నా. మాత్రలంటూ కూర్చుంది. నాకు భయంగా ఉందన్నాను, దిగొచ్చింది."

కత్తెరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. మళ్లీ వాంతి అయింది. ఈసారి దానికి కడుపుతో సంబంధం లేదు. నిన్న పట్టుకున్న ఆ చెయ్యి, వణికిన ఆ గొంతు, దానికి తను కరిగిన తీరు, అన్నీ కలిసి నోట్లోకి వచ్చాయి. బేరం కుదుర్చుకోవడం తెలిసిన మనిషి తన దగ్గర కూడా బేరమే చేశాడు. పరుపు మీద మరక పడుతుందన్న భయాన్ని పెళ్లాం మీద ప్రేమగా చూపించి అమ్మేశాడు, ఆమె నోరు మూసుకుని కొనేసింది. ఆపరేషనయ్యి ఇంటికొచ్చిన మర్నాడు ఆమె ఎక్కడ పడుకుంటుందన్న ఆలోచన ఆ ఇద్దరికీ వచ్చినట్టు లేదు.

నీళ్లు వదిలింది. బయట మాటలు టక్కున ఆగిపోయాయి. మొహం కడుక్కుని తలుపు తీసేసరికి ఆ జంట కూడా తిరిగొచ్చి గదిలో నిలబడి ఉన్నారు. భర్త తేలు కుట్టిన దొంగలా ఆమెని చూశాడు. మామగారు దిండు మీద లేని దుమ్ము దులుపుతున్నారు. ఆ అమ్మాయి కంగారుగా, అయ్యో, ఈ గదిలో ఎవరైనా ఉంటున్నారా అని అడిగింది.

"లేదండీ, ఎవరూ ఉండరు" అంది కత్తెరమ్మ.

మంచం కింద అట్టపెట్టెలోంచి చేతిసంచీ తీసుకుని, అందరి మధ్య నుంచీ మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మని కలిసి, ఆపరేషన్ వద్దు, మాత్రలు కావాలి అని చెప్పింది. మనసు మార్చుకున్నందుకు ఎవరూ విసుక్కోలేదు. ఎలా వేసుకోవాలో, నొప్పికి ఏం వేసుకోవాలో, రక్తం ఎంత పోతే మామూలో, ఎంత పోతే వెంటనే బయల్దేరి రావాలో, జ్వరమొచ్చినా కళ్లు తిరిగినా ఏం చేయాలో నర్సు విడమరిచి చెప్పింది, రెండుసార్లు తిరిగి చెప్పించుకుంది. తర్వాత ఇంట్లో తోడు ఎవరున్నారని అడిగింది. ముగ్గురున్నారని కత్తెరమ్మ చెప్పి, చెప్పాక తనే నవ్వింది. ఆ నవ్వు నర్సుకి నచ్చినట్టు లేదు.

"ముగ్గురెందుకమ్మా, రక్తం చూసి మొహం తిప్పుకోని మనిషి ఒక్కరుంటే చాలు" అంది. "ఉన్నారా?"

ఉన్నారు అని చెప్పాల్సి వచ్చింది, లేకపోతే మాత్రలిచ్చి ఇంటికి పంపరేమోనని. ఆ అబద్ధం దారి పొడుగునా నాలుక మీద చేదుగా ఉంది. ఒంటరిగా ఉండగా ఏమన్నా అయితే అన్న భయం నిజంగా ఉన్నది ఆమెకే, ఆ భయం ఆమె నటించలేదు. భర్త ఆ మాట అబద్ధంగా వాడుకున్నాడు కాబట్టి ఇప్పుడు నిజంగా భయపడటానికి కూడా ఆమెకి రోతగా ఉంది.

ఇంటికి రాగానే పైకి వెళ్లలేదు. వర్క్‌షాపులోకి వెళ్లి కటింగ్ బల్ల మీంచి పెద్ద కత్తెర తీసుకుంది. ఏం కత్తిరించాలి, మేం కత్తిరించి ఇస్తాం కదా అని కుట్టుమిషన్ అక్క అడిగితే, ఇది నేనే కత్తిరించుకోవాలి అని చెప్పి మెట్లెక్కింది.

దుప్పటి తీసి పడేసింది. పరుపు మీద కవరు వెలుతురుకి మెరుస్తోంది. ఒక మూల కత్తెర మొన గుచ్చి, గీత లేకుండానే, ఈ చివర నుంచి ఆ చివరకి కోసింది. ఆ చప్పుడుకి ముందు అత్తగారు పరుగెత్తుకొచ్చారు, వెనకే కింద నుంచి భర్త. ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. ఆమె తీరిగ్గా కవరుని లాగి, మడిచి, వాళ్ల కాళ్ల దగ్గర పెట్టింది. మంచం అంచున కూర్చుని మాత్రలు మంచినీళ్లతో సహా పక్కన సర్దుకుంది.

భర్త ముందు కోప్పడ్డాడు, తర్వాత బతిమాలాడు. మంచం డెలివరీకి మాటిచ్చామన్నాడు, నాన్న పరువన్నాడు. కనీసం ఆ కవరు తిరగేసి కింద పరుచుకోమని వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అలా ప్లాస్టిక్ ముక్క పట్టుకుని గుమ్మం అవతల నిలబడిన మొగుణ్ణి ఆమె పైనుంచి కింది దాకా చూసింది. పెళ్లయ్యాక ఎప్పుడూ అతన్ని మీరు అనే పిలిచింది.

"నిన్న నువ్వు భయపడింది దేనికో ఇవాళ విన్నాను" అంది. "నా దగ్గర కూర్చునేటట్టయితే అది బయట పడేసి లోపలికి రా. లేకపోతే పో."

అతను కవరు వంక చూశాడు, పరుపు వంక చూశాడు. నాన్నతో మాట్లాడి వస్తానని కిందకి వెళ్లాడు. కవరు కూడా పట్టుకెళ్లాడు.

అత్తగారు వెళ్లలేదు. లోపలికీ రాలేదు. గుమ్మాన్ని పట్టుకుని, కోడలు మాత్రలు వేసుకోవడం చూస్తూ నిలబడ్డారు. తిడతారేమోనని కత్తెరమ్మ ఎదురుచూసింది. తిట్లు వస్తే తిరగబడటానికి మాటలు కూడా సిద్ధం చేసుకుంది, అవి వాడే అవసరం పడలేదు. కాసేపటికి ఆవిడ లోపలికొచ్చి కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

మధ్యాహ్నం తిరిగేసరికి నొప్పి మొదలైంది. చెప్పినదంతా నిజమే, నెలసరి కన్నా చాలా ఎక్కువ, నడుము రెండుగా విరుగుతున్నట్టు. బాత్‌రూముకి వెళ్లేటప్పుడు అత్తగారు రెక్క పట్టుకున్నారు, తలుపు వేసుకోబోతే వేయనివ్వలేదు. రక్తం చూసి ఆవిడ కళ్లు తిప్పుకోలేదు, ముక్కు మూసుకోలేదు. నర్సు ఏం చెప్పింది, ఎంత పోతే ఫోన్ చేయాలంది అని అడిగి తెలుసుకుని, ప్రతిసారీ తనే చూసి, ఇది మామూలే అని చెబుతూ వచ్చారు. మధ్యలో భర్త వేడినీళ్ల సంచీ తెచ్చాడు. గుమ్మం అవతలే నిలబడి, మొహం గోడ వైపు పెట్టి, చెయ్యి మాత్రం బారుగా లోపలికి చాచాడు. కరిచే కుక్కకి అన్నం పెట్టేవాడు అలా చాస్తాడు. అత్తగారు లేచి సంచీ అందుకుని కొడుకు మొహాన తలుపు వేశారు.

పోవాల్సింది పోయిందని కత్తెరమ్మకి తెలిసింది. ఎవరూ చెప్పక్కర్లేకుండా తనకే తెలిసింది. అది ఎంత చిన్నదో చూసింది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. అత్తగారు కొత్త గుడ్డ ముక్క ఒకటి తెచ్చిచ్చారు. ఇద్దరూ కలిసి దాన్ని అందులో చుట్టారు. తర్వాత కోడల్ని మంచం మీదకి చేర్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. స్టూలు మీద కాదు, పరుపు మీదే. కోడలి నడుము కింద అరచేయంత మరక అప్పటికే పాకింది. కింద ఏమన్నా వేస్తారేమోనని కత్తెరమ్మ ఒళ్లు బిగపట్టుకుంది. ఆవిడ మరకని చూశారు, ఏమీ వేయలేదు.

"మీకు రోతగా లేదా అత్తయ్యా?" అని అడిగింది.

"నాది పోయినప్పుడు వేసింది" అన్నారు అత్తగారు. "నా మీద నాకే. ఇన్నాళ్లూ దాన్ని ధైర్యం అనుకున్నాను."

ఆవిడ చెయ్యి పరుపు మీద అటూ ఇటూ తిరుగుతోంది. మరక లేని చోట, గుడ్డ మీద, అరచెయ్యి అదిమి తీసి, మళ్లీ అదిమి చూస్తున్నారు. మొదట కత్తెరమ్మకి అర్థం కాలేదు, సరుకు పాడైందని చూసుకుంటున్నారేమో అనుకుని మళ్లీ మనసు విరగబోయింది.

"ఇన్నేళ్లు అమ్మాను" అన్నారు ఆవిడ. "ఇంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు."

కింద షోరూములో మామగారి గొంతు ఫోన్‌లో వినబడుతోంది. మంచం చెప్పిన రోజుకే పంపిస్తామనీ, పరుపు మాత్రం వేరేది కొత్తది వేసి ఇస్తామనీ, రంగు కూడా అదేననీ నచ్చజెబుతున్నారు. పక్కనుంచి భర్త ఏదో అందిస్తున్నాడు. వింటూ కత్తెరమ్మ కళ్లు మూసుకుంది. ఆమెకి ఆ ఇద్దరి మీద కోపం కూడా మిగల్లేదు, రోత ఒక్కటే మిగిలింది. అది పోతుందని ఎవరైనా చెప్పినా నమ్మేది కాదు.

అత్తగారు లేచారు. మంచం పక్కన ఉన్న పెద్ద కత్తెర చేతిలోకి తీసుకుని, ఒకసారి వాడుకుని ఇస్తానమ్మాయ్ అన్నారు. గుమ్మం దాటుతూ మెట్ల మీంచి కిందకి ఒక్క కేక వేశారు. ఆ మంచం అమ్మడం లేదని చెప్పి ఫోన్ పెట్టేయమన్నారు.

కాసేపటికి గోడ అవతల, అత్తమామల గదిలోంచి, ప్లాస్టిక్ కోస్తున్న చప్పుడు వినబడింది. చెయ్యి తిరిగిన కోత కాదు, ఆగి ఆగి, వంకరటింకరగా, మధ్యలో లాగి చించుతూ. ఏమిటా చప్పుడని మామగారు కింద నుంచి రెండుసార్లు అడిగారు.